నైరోబీ వెళ్తే లిమూరు దాకా వెళ్లండి

కెన్యా వెళ్లొచ్చామంటే అందరూ సింహాల గురించే అడుగుతున్నారు. మసాయి మారా చూశాం, బాగుంది. కానీ ఈ యాత్రలో నాకు అంతకన్నా విలువైనవి నైరోబీలోనూ, పక్కనే ఉన్న లిమూరులోనూ గడిపిన నాలుగు రోజులు. వలస పాలన కాలంలో అక్కడ స్థిరపడిన తెల్లవారి పిల్లలు ఎలా పెరిగారు, వాళ్లను ఎవరు ఎత్తుకుని పెంచారు అన్నది తెలుసుకోవాలని చాలాకాలంగా ఉంది.

మొదట నైరోబీ నేషనల్ మ్యూజియానికి వెళ్లండి, అదీ పొద్దున్నే, బడి పిల్లల బస్సులు రాకముందు. ఆవరణలో లూయిస్ లీకీ విగ్రహం ఉంది. కూర్చుని, చేతిలో రాతి పనిముట్టు పట్టుకుని ఉంటాడు. ఆదిమానవుల శిలాజాలు వెతికిన శాస్త్రవేత్తగా ఆయన లోకానికి తెలుసు. నాకు కావలసింది ఆయన చిన్నతనం. 1903లో నైరోబీ పక్కన కబేటెలో మిషనరీ దంపతులకు పుట్టాడు. అక్కడి స్థానిక తెగ కికూయుల పిల్లలతో ఆడుతూ పెరిగాడు. వాళ్ల ఆచారం ప్రకారమే సొంతంగా గుడిసె కట్టుకున్నాడు, ఈడువాళ్లతో కలిసి, పిల్లలు పెద్దవాళ్లలో చేరే దీక్ష తీసుకున్నాడు. భాషలోనూ ఆలోచనలోనూ తాను ఇంగ్లీషువాడికన్నా కికూయువాడికే దగ్గరని తర్వాత రాసుకున్నాడు. అదే మనిషి, కెన్యా స్వాతంత్ర్య పోరాట నాయకుడు జోమో కెన్యాట్టా మీద 1952లో కపెంగురియాలో మొదలైన విచారణలో బ్రిటిష్ ప్రభుత్వం తరఫున దుబాసీగా కూర్చున్నాడు. ఆటల్లో నేర్చుకున్న భాష చివరికి ఆ కోర్టు గదిలో అక్కరకొచ్చింది. ఆ విగ్రహం ముందు నేను చాలాసేపు ఉండిపోయాను.

లోపల ‘టర్కానా బాలుడు’ అని పిలిచే ఆదిమానవ బాలుడి అస్థిపంజరం ఒక్కటి చూసినా టికెట్ డబ్బు గిట్టినట్టే. 1984లో దాని మొదటి ముక్కను కనిపెట్టిన కెన్యా దేశస్థుడు కమోయా కిమేయు. ఆ పేరు గుర్తుపెట్టుకుని వెళ్లండి.

కరెన్ శివారులో, తోట అమ్మేసే 1931 దాకా ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ రచయిత్రి కరెన్ బ్లిక్సెన్ ఉన్న కాఫీ తోట బంగళా కూడా చూశాం. ఎంగాంగ్ కొండలు, పచ్చిక, చల్లటి వరండా కళ్లకు హాయిగా ఉంటాయి. ఒక పూట చాలు.

బస పార్క్‌లాండ్స్‌లో. మన శాకాహారులకు నైరోబీలో అంతకన్నా మంచి చోటు లేదు. గుజరాతీ థాలీ, రోటీ, మసాలా టీ నడిచి వెళ్లే దూరంలో దొరుకుతాయి. 1896లో మొదలైన రైలు మార్గం కోసం మన దేశం నుంచి 30 వేల మందికి పైగా కూలీలు వచ్చిన నేల కదా. స్వాహిలీలో కొట్టును ‘దుకా’ అంటారని విన్నప్పుడు మా అమ్మమ్మ నోట ‘దుకాణం’ గుర్తొచ్చింది. అయితే మేము దిగిన అతిథిగృహంలో రెండు రోజులు వేడినీళ్లు రాలేదు. జూలైలో నైరోబీ చలి తక్కువేమీ కాదు. గది తీసుకునే ముందు గీజరు పనిచేస్తోందో లేదో స్వయంగా చూసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. ఆ కార్డు లేకపోతే మన దేశంలో దిగేటప్పుడు ఇబ్బంది.

లిమూరులో కియాంబెతు టీ తోటకు ముందుగా చెప్పి వెళ్లాలి. 1910లో అక్కడ స్థిరపడిన కుటుంబం 1918లో టీ నాటింది. కెన్యాలో టీ వ్యాపారానికి తొలి అడుగులు వేసిన తోటల్లో అదొకటి. రెండు ఆకులూ ఒక మొగ్గా ఎలా తుంచాలో చూపించారు. నేనూ తుంచాను. వేళ్లకు పచ్చి వాసన సాయంత్రం దాకా పోలేదు. అడవి అంచున కొలబస్ కోతులు, తోటలో భోజనం, ఆప్యాయమైన మాటలు. స్వెటర్ తప్పనిసరి.

ఆ బాల్యాల రెండో సగం నాకు కారులో దొరికింది. మా డ్రైవరు కికూయు, యాభై దాటినవాడు, నన్ను ‘మామా’ అని పిలిచేవాడు. అక్కడ అమ్మకు ఆ మాట. వాళ్ల షోషో, అంటే నాయనమ్మ, ఈ చుట్టుపక్కలే ఒక దొర ఇంట్లో ఆయా. దొర కొడుకును గుడ్డతో వీపుకు కట్టుకుని తిరిగేదట. వాడికి మొదట వచ్చింది కికూయు మాటలేనట. ఈ ఎత్తు నేలలు తెల్లవారికే కేటాయించిన కాలం అది. మన భారతీయులకు కూడా అప్పట్లో ఇక్కడ వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. నల్లజాతి మగవారు ‘కిపాండే’ అనే వేలిముద్రల గుర్తింపు పత్రాన్ని రేకు డబ్బాలో పెట్టి మెడలో వేసుకుని తిరగాల్సి వచ్చేది. బ్రిటిష్ పాలన మీద లేచిన మావ్ మావ్ తిరుగుబాటును అణచడానికి, 1954లో షోషో గుడిసె తగలబెట్టి, ఆమెను కందకం, ముళ్లకంచె ఉన్న ఊళ్లోకి తోలారు. ఆమెలాంటి వారు పది లక్షలకు పైనే.

తిరిగి వస్తూ ఉహూరు పార్కులో ఆగాం. మావ్ మావ్ కాలంలో చిత్రహింసలు పడినవారి స్మారకం అక్కడుంది. 2013లో బ్రిటన్ 5,228 మందికి పరిహారం ఒప్పుకుంది, ఆ ఒప్పందంలో భాగంగానే 2015లో దీన్ని నిలబెట్టారు. ఒక స్త్రీ అడవిలోని యోధుడికి అన్నం అందిస్తోంది. ఇద్దరూ ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. పట్టుబడితే ఒకరినొకరు గుర్తుపట్టకూడదని. నైరోబీలో ఒక్కటే చూసే సమయముంటే ఇది చూడండి.

షోషో పెంచిన ఆ దొర కొడుకు మళ్లీ ఎప్పుడైనా వచ్చాడా అని డ్రైవరును అక్కడే అడిగాను.

“ఒకసారి వచ్చాడు మామా, నా చిన్నప్పుడు. షోషోతో కికూయులోనే మాట్లాడాడు. ఇద్దరూ నవ్వుతూ ఫొటో దిగారు. ఆ ఫొటో మా ఇంట్లో లేదు.”