సూపర్‌గ్లూ వదిలించడానికి ఎసిటోనా, సబ్బునీళ్ళా, కత్తా? ఏది మేలు?

డల్లాస్‌లో మేముండేది అద్దిల్లు. మావాడు హాల్లో గోడకి ప్లాస్టిక్ హుక్కొకటి సూపర్‌గ్లూతో అంటించాడు, మన ఫెవిక్విక్ లాంటిదే, ఆ పనిలో వాడి బొటనవేలూ చూపుడువేలూ కూడా అతుక్కుపోయాయి. ఇంకేముంది, నాకు ఒకేరోజు రెండు పనులు.

ముందు వేళ్ళు. ఎవర్నడిగినా నెయిల్ పాలిష్ రిమూవర్ అనే అంటారు, కానీ అందులో ఎసిటోన్ ఉంటేనే గ్లూ బాగా మెత్తబడుద్ది, ఎసిటోన్ లేని రకం అయితే ఎంత రుద్దినా పెద్దగా లాభం లేదు (మా ఆవిడ దగ్గరున్నది అదే, చూసుకోకుండా సగం సీసా ఒంపేశా, తిట్లు వేరే). రెండోది గోరువెచ్చని సబ్బునీళ్ళు. కాసేపు నానబెట్టి, లాగకుండా, మధ్యలో పెన్సిల్ పెట్టి దొర్లించినట్టు వేళ్ళని అటూఇటూ రుద్దుతూ ఉంటే అంచు నుంచి మెల్లగా ఊడొచ్చింది. ఎసిటోన్ ఫాస్టే, కాదనను, కానీ చర్మం తెల్లగా ఎండిపోద్ది, పైగా ఇట్టే మంటంటుకునే సరుకు, స్టవ్ దగ్గర అస్సలొద్దు. పిల్లలకైతే నా ఓటు సబ్బునీళ్ళకే. మిగిలిన పెచ్చులు కొన్ని రోజుల్లో పై చర్మంతో పాటు అవే రాలిపోతాయి. ఇంకోటి, గ్లూ పచ్చిగా ఉన్నప్పుడు దూదితో తుడవకండి, దూది తగిలితే వేడెక్కి చెయ్యి కాలుద్ది. కంట్లో పడితే మాత్రం ప్రయోగాలేం వద్దు, నీళ్ళతో కడుక్కుని డాక్టర్ దగ్గరికే.

గోడ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. ఇక్కడ లోపలి గోడలు మన ఊళ్ళోలాగా ఇటుకా సిమెంటూ కాదు, డ్రైవాల్, అంటే అరంగుళం మందం జిప్సం, రెండు పక్కలా పేపరు, హైదరాబాద్ ఫ్లాట్లలో ఫాల్స్ సీలింగ్‌కి వేస్తారే, ఆ బోర్డే. సబ్బునీళ్ళతో నానబెడితే గ్లూ కంటే ముందు పేపరు ఉబ్బుద్ది. ఎసిటోన్ తలుపు వెనకాల మూలన ట్రై చేశా, పెయింటే దూదికి అంటుకొచ్చింది. ఇక మిగిలింది కత్తి. హుక్కు చుట్టూ పేపరు తెగేంత వరకే గాటు పెట్టి, అడుగున పుట్టీ నైఫ్ దూర్చి లేపితే ఒక పొర పేపరు కూడా ఊడొస్తుంది, రానీయండి.

అసలు తప్పు నేను ఆ తర్వాత చేశా. లోపల బయటపడ్డ గోధుమరంగు పేపరు మీద డైరెక్టుగా స్పాకిల్ (గోడ గుంటలు పూడ్చే పుట్టీ లాంటి పేస్టు) పూసేశా, ఆ తడికి తెల్లారేసరికి పూరీల్లా బుడగలు. గీకేసి, లేచిన అంచులు కోసేసి, పేపరుకి తడి పట్టనీయని షెల్లాక్ ప్రైమర్ ఒక కోటు వేసి ఆరాక మళ్ళీ పూస్తే అప్పుడు నిలబడింది. జాయింట్ కాంపౌండ్ (డ్రైవాల్ బోర్డుల అతుకులు పూడ్చే ముద్ద) కూడా వాడొచ్చు గానీ హుక్కంత చోటుకి బకెట్ కొనడం దండగ, ఆరడానికీ రోజు పడుద్ది, చిన్న డబ్బా స్పాకిలే నయం, పల్చగా రెండుసార్లు పూసి ఇసక కాయితంతో రుద్దితే చాలు.

ఇప్పుడు గోడ నున్నగానే ఉంది, పెయింట్ షేడే కలవట్లేదు, ఓనర్ దగ్గర పాత డబ్బా ఏమన్నా మిగిలుందేమో అడగాలి, అడిగితే ఎందుకూ అంటాడు.