డాలర్ డబ్బాలో నోలన్ ర్యాన్

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో తర్వాత చెబుతా, ముందు కొట్టు సంగతి.

మేముండేది న్యూజెర్సీలో. ఓక్‌ట్రీ రోడ్డులో ఇడ్లీ తిని బయల్దేరితే పాతిక నిమిషాల్లో వస్తుంది ఈ బేస్‌బాల్ కార్డుల కొట్టు, లాండ్రీకీ పిజ్జా షాపుకీ మధ్య ఇరుక్కుని, బోర్డు మీద అక్షరాలు సగం వెలిసిపోయి. పేరు రాయడం లేదు. నెట్‌లో తన గురించి ఎవరైనా రాస్తే పెద్దాయనకి నచ్చదు, పైగా నేను చెప్పబోయే వాటిలో రెండు మూడు ఫిర్యాదులు కూడా ఉన్నాయి. వెతుక్కునేవాళ్లు ఎలాగూ వెతుక్కుంటారు.

బేస్‌బాల్ కార్డులంటే ఏమిటో తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మన చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు గుర్తున్నాయిగా, ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. తెనాలిలో మా వీధి అరుగుల మీద ఎండాకాలం సెలవులన్నీ వాటితోనే గడిచిపోయాయి. ఇవీ దాదాపు అలాంటివే, ముందువైపు ఆటగాడి ఫొటో, వెనకవైపు అంకెలు. తేడా ఒక్కటే, ఇక్కడ అంకెలు నిజమైనవి.

నిజం చెప్పాలంటే ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు ఈ ఆట అస్సలు ఎక్కలేదు. బంతి వేసేవాడు టోపీ సర్దుకోవడం, కొట్టేవాడు గ్లవ్స్ సర్దుకోవడం, మళ్లీ టోపీ. 2023లో పిచర్‌కి, అంటే ఆ బంతి వేసేవాడికి, గడియారం పెట్టి, బేసుల (పరుగు తీసేవాళ్లు ఆగే చోట్ల) మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయాల్సిందే అన్నాక కొంచెం కదలిక వచ్చింది. కానీ నన్ను లాగింది ఆ గడియారం కాదు, మా వాడు. పన్నెండేళ్లు, ఊరి లీగ్‌లో సెకండ్ బేస్ ఆడతాడు, వాడిని ప్రాక్టీసుకి దింపి ఎదురుచూసే టైములోనే మొదటిసారి ఈ కొట్టులో కాలు పెట్టాను.

లోపలికి వెళ్లగానే కుడివైపు గాజు బీరువాలో ఖరీదైనవి ఉంటాయి. వాటి జోలికి వెళ్లకుండా నేరుగా వెనక్కి వెళ్లండి. అక్కడ బల్ల మీద పొడుగాటి తెల్ల అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉంటాయి, ఏ కార్డు తీసినా డాలరు. నా లెక్కలో ఆ నాలుగు స్టార్లూ ఈ డబ్బాలకే. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో కంపెనీలు కార్డుల్ని కుప్పలుగా అచ్చేశాయి, దాచిపెడితే పిల్లల చదువులకు పనికొస్తాయని జనం కూడా అటకలు నింపేశారు. అందరి దగ్గరా ఉన్నదానికి ధర ఎక్కడిది? అందుకే ఆ కాలం మహామహులందరూ ఇప్పుడు డాలరుకి ఒకరు చొప్పున పడి ఉన్నారు.

మొదటి రోజు నాకు దొరికింది టాప్స్ కంపెనీ 1991 సెట్‌లో ఒకటో నంబరు కార్డు, పిచర్ నోలన్ ర్యాన్‌ది. ఒక మూల కొంచెం నలిగింది, అంతే. వెనక్కి తిప్పితే అక్షరాలు ఆవగింజంత, కళ్లజోడు నుదుటి మీదకి తోసి కార్డుని ముక్కు దగ్గర పెట్టుకుని చదవాల్సి వచ్చింది. 1966లో మొదలైన ఆట 1990 దాకా, ఏడాదికో వరస. వేలు పెట్టి కిందికి దిగుతూ వస్తుంటే 1973 దగ్గర 383 స్ట్రైకౌట్లు, అంటే కొట్టేవాణ్ని బంతి మైదానంలోకి కొట్టనివ్వకుండానే అవుట్ చేయడం. సరే, అప్పటికి కుర్రాడు. ఇంకా కిందికి వస్తే 1989 దగ్గర 301. పుట్టిన సంవత్సరం 1947. వేళ్ల మీద లెక్కేశాను, 42 ఏళ్లు! ఆ వయసుకి మనవాళ్లు మోకాళ్లకి ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఉంటారు, నేను రాసుకుంటున్నాను కూడా.

నిలబడి అది చదువుతున్న నన్ను చూసి పెద్దాయన కౌంటర్ వెనక నుంచి లేచొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, పుట్టుకతోనే న్యూయార్క్ జట్టు మెట్స్‌కి అభిమాని. ర్యాన్ పేరెత్తితే చాలు ఆయన గాయం పచ్చిదైపోతుంది. ఎందుకంటే ర్యాన్ మొదలెట్టింది మెట్స్‌లోనే, 1969లో వాళ్లతోనే వరల్డ్ సిరీస్ (ఏటా ఆఖరున జరిగే ఫైనల్) గెలిచాడు, అతని కెరీర్‌లో అదొక్కటే. 1971 డిసెంబరులో మెట్స్ వాళ్లు ర్యాన్‌నీ ఇంకో ముగ్గురినీ కాలిఫోర్నియా జట్టు ఏంజెల్స్‌కి ఇచ్చేసి జిమ్ ఫ్రెగోసీ అనే ఒక్కడిని తెచ్చుకున్నారు. ఆ ఒక్కడు ఇక్కడ పెద్దగా ఆడిందీ లేదు, ఇచ్చేసిన వాడేమో 5,714 స్ట్రైకౌట్లు, ఏడు నో హిట్టర్లతో ఆట ముగించాడు. నో హిట్టర్ అంటే మ్యాచ్ మొత్తంలో అవతలి జట్టుకి ఒక్క హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకపోవడం. యాభై ఏళ్లు దాటింది ఆ బేరం జరిగి, ఈయన మాత్రం నిన్న సాయంత్రం జరిగినట్టే తిడతాడు. మా నాన్న కూడా 1996 సెమీఫైనల్ గురించి ఇప్పటికీ ఇలాగే మాట్లాడతాడు.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది 1991 మే 1 సంగతి. ఆ రోజు మధ్యాహ్నం ఓక్లాండ్‌లో రికీ హెండర్సన్ 939వ బేస్ దొంగిలించి, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి, లూ బ్రాక్ రికార్డు బద్దలుకొట్టాడు, ఆ బేస్‌ని పెకలించి నెత్తిమీదకెత్తి, మైకు పుచ్చుకుని, ఇవాళ్టి నుంచి అందరికన్నా గొప్పవాణ్ని నేనే అని అక్కడే ప్రకటించేసుకున్నాడు. మర్నాడు పేపర్లన్నీ తనవే అనుకుని ఉంటాడు పాపం. అదే రాత్రి టెక్సాస్‌లో 44 ఏళ్ల ర్యాన్ తన ఏడో నో హిట్టర్ వేశాడు, 16 మందిని స్ట్రైకౌట్ చేసి. ఆఖరున అవుటైన రొబెర్టో అలొమార్ ఎవరంటే, ఒకప్పుడు ఏంజెల్స్‌లో ర్యాన్ వెనక ఫీల్డింగ్ చేసిన మనిషి కొడుకు. తండ్రితో కలిసి ఆడి, కొడుకుని అవుట్ చేసేదాకా బంతి వేస్తూనే ఉన్నాడన్నమాట.

అలాగని అందరికన్నా గొప్ప పిచర్ ర్యానే అని నేను అనను. అతను వదిలేసిన నడకలు (గురి తప్పిన నాలుగు బంతులకి కొట్టేవాడికి ఊరికే దక్కే బేస్) 2,795, చరిత్రలో ఇంకెవరూ అన్ని ఇవ్వలేదు, గెలుపులు 324 అయితే ఓటములు 292, ఏటా మేటి పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఒక్కసారి కూడా రాలేదు. మా వాడు ఈ అంకెలన్నీ ఫోన్‌లో చూసి "నాన్నా, ఇంతేనా?" అన్నాడు. ఇంతే రా. కానీ 1974లో ఒక్క సీజన్‌లో 332 ఇన్నింగ్స్ (మామూలుగా మ్యాచ్‌కి తొమ్మిది) వేశాడు ఈయన, ఇప్పుడు 200 దాటేవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పటివాళ్ల చేతకానితనమని అనడం లేదు, ఇప్పుడు వేసే ప్రతి బంతీ ప్రాణం పెట్టి వేస్తారు, అయిదారు ఇన్నింగ్స్‌కి చెయ్యి అయిపోతుంది, మోచేతి ఆపరేషన్లు మామూలైపోయాయి. నాకు మాత్రం ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలిసిపోయి కూడా దిగనని మొండికేసే పిచర్‌ని చూడాలని ఉంటుంది, ఏం చేయమంటారు.

ఇక గాజు బీరువా. అందులో ధరలు చూస్తే ఆటకీ రేటుకీ ఉన్న సంబంధం మీద నమ్మకం పోతుంది. మికీ మాంటిల్ 1952 టాప్స్ కార్డు ఒకటి 2022లో వేలంలో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. మాంటిల్ గొప్పవాడే, 536 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి). కానీ ఆ రేటులో సగం ఘనత సముద్రానిది. అమ్ముడుపోని 1952 కార్డుల్ని పెట్టడానికి చోటు లేక 1960లో కంపెనీవాళ్లు పడవలో వేసుకెళ్లి అట్లాంటిక్‌లో పారబోశారు, మిగిలినవి బంగారమయ్యాయి. అది అతని తొలి కార్డు కూడా కాదు. హాంక్ ఆరన్ తొలి కార్డేమో 1954 టాప్స్, బొమ్మ వెనక నారింజ రంగు. అది కూడా వేలల్లోనే ఉంటుంది కానీ మాంటిల్‌కి ఆమడ దూరం. ఆరన్ కొట్టిన హోమ్ రన్లు 755. ఆ 755నీ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి, ఇంకా 3,016 హిట్లు మిగులుతాయి! జీవితమంతా ఆడి మూడు వేలు దాటినవాళ్లనే దేవుళ్లలా చూస్తారు ఇక్కడ. 1974 ఏప్రిల్ 8న బేబ్ రూత్ రికార్డు 714ని దాటేముందు నెలల తరబడి ఈయనకి చంపేస్తామని ఉత్తరాలు వచ్చాయి, నల్లవాడు రూత్‌ని దాటడమేంటని. ఆ ఉత్తరాల మధ్య కూర్చుని అలా ఆడటం నా ఊహకి అందదు. నా దగ్గర ఆరన్ కార్డు ఉంది, 1954ది కాదు లెండి, 1976ది, మూలలు అరిగిపోయింది, ఇరవై డాలర్లు.

జోష్ గిబ్సన్ ఉన్నాడా అని ఒకసారి అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. నల్లవాళ్లని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగుల లెక్కల్ని 2024లో మేజర్ లీగ్ లెక్కల్లో కలిపాక కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చిన మనిషి, .372, అంటే వెయ్యి ప్రయత్నాలకి 372 హిట్లు. ఆ అడ్డుగోడ బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టింది 1947 ఏప్రిల్ 15న, గిబ్సన్ అదే ఏడాది జనవరిలో పోయాడు, 35 ఏళ్లకే. ఆడిన రోజుల్లో అతన్ని కార్డు మీద వేయాలని ఇక్కడి పెద్ద కంపెనీలకి అనిపించలేదు. ఇంక బీరువాలోకి ఎక్కడి నుంచి వస్తాడు?

మా ఇంట్లో మాత్రం ఈ చర్చంతా ఒక్క పేరు దగ్గర ఆగిపోతుంది, బంతీ వేసి బ్యాటూ పట్టే షోహే ఒటానీ. మా వాడి దృష్టిలో మిగతావాళ్లంతా అతను పుట్టేదాకా టైమ్‌పాస్ చేసినవాళ్లు. నేను బేబ్ రూత్‌ని అడ్డం వేసేవాణ్ని, 1918లో బంతి వేసి 13 మ్యాచ్‌లు గెలిపించాడు, బ్యాట్‌తో 11 హోమ్ రన్లు కొట్టి లీగ్‌లో ముందు నిలిచాడు అని. కానీ రూత్ యాంకీస్ జట్టుకి వెళ్లాక బంతి వేయడం దాదాపు మానేశాడు, పైగా అతను ఆడిన లీగ్‌లో నల్లవాళ్లకి ప్రవేశమే లేదు. 2024లో ఒటానీ 54 హోమ్ రన్లు, 59 దొంగిలించిన బేసులు అన్నప్పుడు కూడా నేను బెట్టు వదల్లేదు. 2025 అక్టోబరు 17న వదిలేశాను. మిల్వాకీ జట్టు మీద బంతి వేస్తూ ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా పది మందిని స్ట్రైకౌట్ చేశాడు, అదే మ్యాచ్‌లో బ్యాట్ పట్టుకుని మూడు హోమ్ రన్లు కొట్టాడు. మూడోది చూశాక మా వాడు నా వైపు తిరిగి ఏమీ అనలేదు, నవ్వాడంతే. మర్నాడు కొట్టుకి వెళ్తే పెద్దాయన కూడా ఒప్పేసుకున్నాడు, ఒప్పుకున్నంత సేపట్లోనే బీరువాలో ఒటానీ కార్డుల రేట్లు పెంచేశాడు కూడా.

ఇప్పుడు కోసిన ఆ ఒక్క స్టార్ సంగతి. ఒకటి, కౌంటర్ మీద పెట్టే సీలు ప్యాకెట్లు. లోపల ఏముందో తెలియకుండా పాతికా ముప్పై డాలర్లు పెట్టి కొనడం, అచ్చం లాటరీ. పాల్ స్కీన్స్ అనే పిచర్ జెర్సీ మీది ప్యాచ్ అతికించిన కార్డు లాస్ ఏంజెలెస్‌లో ఒక పదకొండేళ్ల పిల్లాడికి దొరికి, 2025లో 11 లక్షల డాలర్లకి అమ్ముడైందని తెలిసినప్పటి నుంచి పిల్లలెవరూ డాలర్ డబ్బాల వైపు చూడటం లేదు. మా వాడు పుట్టినరోజు డబ్బులు మొత్తం నాలుగు ప్యాకెట్లకి తగలేసి, పేరు కూడా తెలియని ఆటగాళ్లతో ఇంటికొచ్చాడు. పిల్లాడు అన్ని డబ్బులు తీస్తుంటే పెద్దాయన ఒక్క మాట అని ఉండొచ్చు, అనలేదు.

రెండోది రొబెర్టో క్లెమెంటే కార్డు. 1973ది, ముప్పై అయిదు పెట్టి కొన్నాను. సరిగ్గా 3,000 హిట్లు కొట్టిన మనిషి, నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమానం సముద్రంలో కూలి పోయాడు. ఈ కార్డు వచ్చేసరికే ఆయన లేడు, అందుకే ఇది నాకు ముఖ్యం. ఇంటికొచ్చి ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి లైటు కింద వాలుగా పట్టుకుంటే, అడ్డంగా ఒక సన్నటి మడత గీత. కొట్టులో ట్యూబ్‌లైటు కింద కనపడలేదు. తీసుకెళ్తే, అమ్మింది వెనక్కి తీసుకోనని గోడ మీద రాసిన బోర్డు చూపించాడు. పోనీ అని మరుసటి నెల ఇంకో దాంట్లో అయిదు డాలర్లు తగ్గించాడు, కానీ ముందే చెబితే పోయేదిగా. కాబట్టి కొనేముందు తొడుగులోంచి తీసి చూపించమని మొహమాటం లేకుండా అడగండి.

వీకెండ్‌లో పార్కింగ్ కష్టం. శనివారం 11కి తీస్తాడు, ఆదివారం మూసేస్తాడు. ఇరవై దాటితే క్యాష్ ఇస్తే ఎంతో కొంత తగ్గిస్తాడు, క్రెడిట్ కార్డు గీకితే పైసా తగ్గడు. పిల్లల్ని తీసుకెళ్లేట్టయితే ప్యాకెట్లు వద్దని కారులోనే మాట తీసుకోండి. డబ్బాల్లో ఎడమ నుంచి మూడోది మాత్రం నాకు వదిలేయండి, 1991 సెట్‌లో రికీ హెండర్సన్ ఇంకా దొరకలేదు.