శాన్ ఫ్రాన్సిస్కోకు 17 గంటలే అన్న మాట నమ్మి టికెట్టు కొనకండి

అమెరికాలో ఉన్న బిడ్డల దగ్గరకు పెద్దవాళ్లను పంపబోతున్న అనంతపురం, ధర్మవరం, కదిరి ప్రాంతాల వారు టికెట్టుకు డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను.

మా చెల్లెలి కాన్పు కోసం 66 ఏళ్ల మా అమ్మను గత జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోకు పంపాము. మా ఊళ్లోని ఒక ట్రావెల్ ఏజెంటు తన ఫోనులో బెంగళూరు దగ్గరి దేవనహళ్లి విమానాశ్రయం నుంచి అక్కడికి దూరం సుమారు 14,000 కిలోమీటర్లనీ, సమయం 17 గంటలనీ చూపించి, "దేవనహళ్లిలో ఎక్కిస్తే చాలన్నా, అమ్మ నేరుగా ఆడ దిగుతాది" అన్నాడు. ఆ అంకెల్లో తప్పు లేదు. కాని అవి రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారిని కొలిచి, విమానం సగటు వేగంతో భాగించి తీసిన అంకెలు. 2021 జనవరిలో మొదలైన నేరు విమానానికి ఇంచుమించు సరిపోతాయి. మాకు అమ్మినది దుబాయ్ మీదుగా పోయే టికెట్టు. అందులో గాలిలో గడిపేదే దాదాపు 20 గంటలు.

టికెట్టు మీది వేళలు చూసినా ఈ సంగతి బయటపడలేదు. ఉదయం 4.30కు బెంగళూరులో బయలుదేరి అదే రోజు మధ్యాహ్నం 2.45కు చేరుతుందని ఉంటే పది గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా 12 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది కాబట్టి నిజానికి అది 22 గంటల 45 నిమిషాలు. అనంతపురం నుంచి దేవనహళ్లికి కారులో పట్టే మూడున్నర గంటలు, అక్కడ ముందుగా చేరవలసిన మూడు గంటలు కలిపితే 29 గంటలు దాటుతుంది. చక్కెర జబ్బు ఉన్న మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

అంతకన్నా పెద్ద మోసం దుబాయ్‌లో బయటపడింది. ఏజెంటు రెండు వేర్వేరు సంస్థల టికెట్లను రెండు పీఎన్ఆర్‌ల (బుకింగ్ నంబర్ల) మీద కొని, ఒకే ప్రయాణంగా మాకు అంటగట్టాడు. కాగితం అడుగున సన్న అక్షరాల్లో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని ఉంది. మధ్యలో దిగి, పెట్టెలు మనమే తీసుకుని, రెండో విమానానికి మళ్లీ అప్పగించుకోవాలని దాని అర్థం; అది అప్పుడు మాకు తెలియదు. బెంగళూరులో పెట్టెలకు కట్టిన చీటీల మీద డీఎక్స్‌బీ అనే దుబాయ్ అక్షరాలే ఉన్నాయి. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైంది. ఇంగ్లీషు రాని అమ్మ అక్కడ వీసా తీసుకుని, వాము, శొంఠి, చెనక్కాయల పొడి సర్దిన రెండు పెట్టెలు తెచ్చుకునేలోపే రెండో విమానం వెళ్లిపోయింది. మాత్రలు కూడా ఆ పెట్టెల్లోనే ఉండిపోయాయి. రాయచోటి వైపు నుంచి వచ్చి అక్కడ పని చేసుకుంటున్న ఒక తల్లి, అమ్మ తెలుగు విని ఆగి, చివరిదాకా తోడుండకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయమేస్తుంది. వేర్వేరు టికెట్లు కావడంతో రెండో సంస్థకు ఆ ఆలస్యంతో సంబంధం లేకపోయింది; 98,000 రూపాయలు పెట్టి మరో టికెట్టు కొన్నాము.

కాబట్టి దూరం, గంటలు చూపించే పేజీని ఆధారంగా తీసుకోకండి. గమ్యం దాకా ఒకే పీఎన్ఆర్ ఉన్నదా, పెట్టెల చీటీ మీద చివరి ఊరి అక్షరాలే ఉంటాయా, మొత్తం ప్రయాణ సమయం ఎంత అన్నది ఏజెంటు చేత వాట్సాప్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. వీల్‌ఛైరు సాయం టికెట్టు కొన్నప్పుడే అడగండి. మాత్రలు చేతిసంచిలోనే పెట్టండి.

అమ్మ తిరుగు టికెట్టు డిసెంబరుకు ఒకే పీఎన్ఆర్ మీద మేమే కొన్నాము. నవంబరులో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు కనుక, ఈసారి తేడాను పదమూడున్నర గంటలుగా లెక్క వేసుకున్నాము.