పెయింట్‌తో ఇరవై ఏళ్లు: గీతలు, వంపులు, 169 చుక్కలు

2004లో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా నేను బొమ్మలు గీసింది మైక్రోసాఫ్ట్ పెయింట్‌లోనే. అలాగని ఆర్టిస్టుని అనుకోకండి, నేను ఆవు బొమ్మ గీస్తే మా పిల్లలు మేకా కుక్కా అని పందేలు కాస్తారు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నాకు కావలసింది ఒక కుంభాకార కటకం, దాని గుండా వెళ్లే రెండు కిరణాలు, ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఇక ధనుర్మాసం వస్తే అమ్మ కోసం ముగ్గులు. ఈ పనుల్లో తొంభై పాళ్లకి పెయింట్ హాయిగా సరిపోతుంది, మిగతా పది పాళ్ల దగ్గర ప్రాణం తీస్తుంది. ఆ పది పాళ్ల గురించే ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే మిగతాది ఎవరైనా అరగంటలో సొంతంగా నేర్చేసుకుంటారు.

మొదట్లో స్కూల్లో ఉన్నది విండోస్ 98 మెషీన్. అందులో చేసిన పనిని వెనక్కి తీసుకోవడం మూడు సార్లకే. నాలుగో తప్పు శాశ్వతం. ఎక్స్‌పీలోనూ అంతే. విస్టాలో పది సార్లకి పెంచారు, విండోస్ 7లో యాభైకి. ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు గానీ ఆ మూడు సార్ల కాలంలో నాకో అలవాటు పట్టుకుంది, ఏ గీత ముందు గీయాలో కాగితం మీద అనుకున్నాకే మౌస్ ముట్టుకోవడం. కరెంటు పోతే ఎలాగూ మూడూ లేవు, ముప్పయ్యీ లేవు, మొత్తం మోటారు బొమ్మ ఒకటి అలాగే గాల్లో కలిసిపోయింది. అప్పట్నుంచి పది నిమిషాలకోసారి చెయ్యి దానంతటదే సేవ్ చేసే కంట్రోల్ ఎస్ నొక్కేస్తుంది.

బొమ్మని సేవ్ చేసి దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. అప్పట్లో బొమ్మని ఫ్లాపీలో పెట్టుకుని డీటీపీ షాపుకి వెళ్లేవాణ్ని. 800 బై 600 సైజు బొమ్మని 24 బిట్ బిట్‌మ్యాప్‌గా, అంటే అన్ని రంగులతో దాస్తే 14 లక్షల 40 వేల బైట్లు, అంటే ఒక్క బొమ్మకే ఫ్లాపీ నిండిపోయేది. రెండో బొమ్మకి రెండో ఫ్లాపీ. ఈ బాధ ఏడాది పడ్డాక గానీ మోనోక్రోమ్ బిట్‌మ్యాప్ అనే వరస నా కంట పడలేదు, అదే బొమ్మ 60 వేల బైట్లకి దిగిపోయింది. ప్రశ్నపత్రానికి ఎలాగూ నలుపు తెలుపే కదా. 1985లో విండోస్ మొదటి వెర్షన్‌తో వచ్చిన పెయింట్‌కి అసలు రంగులే లేవు, నలుపు తెలుపే. ఆ లెక్కన నా బొమ్మలు ఇప్పటికీ ఆ ఏడాది దగ్గరే ఉన్నాయి.

ఇక పనిముట్లు. గీత గీసేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే అడ్డంగానో నిలువుగానో 45 డిగ్రీల్లోనో తిన్నగా పోతుంది, విద్యుత్ వలయాలకి అదే చాలు. కిరణాలకి మాత్రం చాలదు, మధ్య కోణాలన్నీ కంటితో చూసుకుని లాగాల్సిందే. వృత్తం మనం కాంపస్‌తో గీసినట్టు కేంద్రం నుంచి రాదు, మూల నుంచి మొదలై పెరుగుతుంది. దీనికి మౌస్ ఎక్కడుందో చెప్తూ కింద పట్టీలో కనిపించే అంకెలే దిక్కు. కేంద్రం 400, 300 దగ్గర కావాలి, వ్యాసార్ధం 100 అనుకోండి, 300, 200 దగ్గర మొదలుపెట్టి షిఫ్ట్ పట్టుకుని 500, 400 దాకా లాగండి. ఇది తెలియక నేను మొదటి రెండేళ్లు వృత్తాలు గీసి, కత్తిరించి, పక్కకి జరిపి, నానా తంటాలు పడ్డాను. నిరూపక జ్యామితి పిల్లలకి ఎందుకు పనికొస్తుందని అడిగినప్పుడల్లా ఇప్పుడు దీన్నే చూపిస్తాను.

వంపు గీత సంగతి వేరు. నాకు తెలిసిన మాస్టార్లలో చాలామంది ఒకసారి ముట్టుకుని, అది పాములా మెలికలు తిరిగేసరికి వదిలేశారు. అసలు కిటుకు ఇది. ముందు తిన్నటి గీత లాగాలి, తర్వాత దాని మీద పట్టుకుని లాగితే వంగుతుంది, కానీ పని అక్కడితో అయిపోదు, రెండో వంపు కోసం ఇంకో నొక్కు అడుగుతుంది. ఎస్ ఆకారం కావాలంటే రెండోది ఎదురువైపు లాగాలి. మనకి ఒకటే వంపు చాలంటే మౌస్ కదపకుండా అక్కడే మళ్లీ నొక్కాలి. ఇంకో చిక్కు ఏమిటంటే గీత మన మౌస్ దాకా రాదు. మధ్య బిందువుకి ఎదురుగా 40 పిక్సెళ్లు లాగితే గీత 30 దగ్గరే ఆగిపోతుంది, ముప్పావు వంతు అన్నమాట. కటకానికి ఎంత ఉబ్బు కావాలో లెక్కేసుకుని, దానికి మూడో వంతు కలిపి లాగితే సరిగ్గా కూర్చుంటుంది. నేను ఒక సగం గీసి, కాపీ చేసి, అడ్డంగా తిప్పి అతికిస్తాను, అప్పుడు రెండు ముఖాలూ కవల పిల్లల్లా ఉంటాయి. రెండూ విడివిడిగా గీసినవాడి కటకానికి ఒక బుగ్గ వాచినట్టు ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది.

రంగు నింపే డబ్బా మంచిదే, కానీ గీతలో ఎక్కడో ఒక్క పిక్సెల్ సందు ఉన్నా చాలు, కుండకి చిల్లు పడ్డట్టు రంగు పేజీ అంతా పరుచుకుంటుంది. కంగారు పడకుండా వెనక్కి తీసుకుని, 800 శాతానికి పెద్దది చేసి మూలలు చూడండి, సందు ఎప్పుడూ మూలల్లోనే ఉంటుంది. విండోస్ 7 నుంచి ఇంకో తలనొప్పి మొదలైంది. బ్రష్షులూ వృత్తాలూ అంచులు నునుపుగా కనిపించాలని గీత పక్కన లేత రంగు పిక్సెళ్లు వేస్తాయి, మనం రంగు నింపితే ఆ లేత పిక్సెళ్లని వదిలేసి నింపుతుంది, బొమ్మ చుట్టూ ఉప్పు చల్లినట్టు మిగులుతుంది. జేపీజీ బొమ్మల్లోనూ ఇదే గోల. నేనైతే రంగు నింపాల్సినవాటికి పెన్సిలే వాడతాను, అది ఉన్నదున్నట్టు గీస్తుంది.

రబ్బరులో ఒక దొంగ దారి ఉంది, నా పాత మెషీన్లన్నిట్లోనూ పనిచేసింది. ఎడమ మీటకి బదులు కుడి మీట నొక్కి రుద్దితే మనం ఎంచుకున్న రెండు రంగుల్లో మొదటిదాన్ని మాత్రమే తీసి రెండో రంగు పెడుతుంది, మిగతా గీతల జోలికి పోదు. నీలం కిరణాలు తప్పొచ్చాయా, నల్ల కటకం చెరక్కుండా వాటినే తుడిచేయొచ్చు. ఆయిల్ బ్రష్, వాటర్‌కలర్, స్ప్రే, ఇవన్నీ ఉన్నాయి, మా అమ్మాయి చిన్నప్పుడు ఆడుకుంది, నాకు పని పడలేదు.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం నా కోపం ఇంకా తగ్గలేదు. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో మొదటిసారి ‘నాభ్యంతరం’ అని వత్తుతో సహా సరిగ్గా పడినప్పుడు ఎంత సంబరపడ్డానో. ఆ సంబరం అక్షరాలు కొట్టే పెట్టె బయట ఒక్క నొక్కు నొక్కేదాకానే. నొక్కామా, అక్షరాలు బొమ్మలో కలిసిపోతాయి, ఆ తర్వాత దీర్ఘం తప్పిందని చూసుకుంటే మొత్తం చెరిపి మళ్లీ కొట్టాలి. 2012లోనో ఎప్పుడో ‘పుటాకార’ అని రాయాల్సిన చోట ‘పటాకార’ అని పడి, నేను చూసుకోలేదు, పదో తరగతి వాడొకడు పరీక్ష మధ్యలో లేచి ‘సార్, ఇది ఏ పటం?’ అన్నాడు. అందుకని అక్షరాలు ఆఖర్న, అవి లేని కాపీ ఒకటి పక్కన.

ప్రింటుకి ఇంకో మాట. తెర మీద బావుందని 300 పిక్సెళ్ల బొమ్మని పత్రంలో మూడంగుళాలకి సాగదీస్తే గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి. మూడంగుళాలకి కనీసం 900 పిక్సెళ్ల వెడల్పు పెట్టి గీయండి, గీత మందం కూడా ఆ మేరకు పెంచండి.

ఇప్పుడు ముగ్గుల దగ్గరికి వద్దాం. ఇంతా రాసింది దీని కోసమే. అమ్మ నోట్‌బుక్కు పాతబడి పేజీలు విరిగిపోతుంటే, డాలస్‌లో ఉన్న చెల్లి కూడా అడుగుతోందని, ఒక్కో ముగ్గూ పెయింట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. లెక్కేస్తే మొత్తం 169 చుక్కలు. ఒక చుక్క పెట్టి, దాన్ని ఎంచుకుని కంట్రోల్ పట్టుకుని లాగితే ఇంకోటి పుడుతుంది, అలా 15 చుక్కల వరస తయారయ్యాక వరసని వరసే కాపీ. అడ్డంగా చుక్కకీ చుక్కకీ 40 పిక్సెళ్లు, పై వరస 20 పక్కకి, ఎత్తు 35. మొదట 40 ఎత్తు పెట్టాను. అమ్మ చూసి, ‘ఒరేయ్, ఇది నిలువుగా సాగిపోయిందిరా, నీకు చుక్కలు పెట్టడం కూడా రాదా’ అంది. సమబాహు త్రిభుజం ఎత్తు మర్చిపోయిన లెక్కల మనిషిని ఏమనాలి మరి.

పెయింట్ చేతులెత్తేసేది ఇక్కడే. ఆ 169 చుక్కల ఆకారం షడ్భుజి, ఒక రేక గీసి 60 డిగ్రీలకి ఆరు సార్లు తిప్పితే పని అయిపోవాలి. నేను వాడినవాటిలో తిప్పడం 90 డిగ్రీలకే ఉండేది. కాబట్టి పావు ముగ్గు, అంటే ఒకటిన్నర రేక గీసి, అద్దంలో చూపినట్టు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పి అతికించాలి. అతికించేటప్పుడు ట్రాన్స్‌పరెంట్ సెలక్షన్ పెట్టకపోతే తెల్ల కాగితం కింద ముగ్గుని మింగేస్తుంది. చివర్లో ఒక పిక్సెల్ తేడా వస్తే బాణం మీటలతో జరపాలి, మౌస్‌తో అయ్యే పని కాదు. పద్మాలకి, దీపాలకి ఈ పద్ధతి బ్రహ్మాండం. మెలికల ముగ్గుకి పనికిరాదు, అద్దంలో తిప్పితే మెలిక ఎదురు తిరిగి దారి తెగిపోతుంది, అవన్నీ ఓపిగ్గా చేత్తోనే గీశాను.

2017లో పెయింట్‌ని తీసేస్తున్నారని వార్త వచ్చినప్పుడు నిజంగానే టెన్షన్ పడ్డాను. జనం గోల చేస్తే ఉంచారు. దాని బదులు వాడమన్న పెయింట్ త్రీడీనే 2024లో స్టోర్ నుంచి తీసేశారు, ఇదింకా ఉంది. 2023లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు కూడా వచ్చాయి. ఇప్పుడు చుక్కలు కింది పొర మీద, ముగ్గు పై పొర మీద, పని అయ్యాక చుక్కల పొర కనపడకుండా చేస్తే చాలు. పీఎన్‌జీగా సేవ్ చేస్తే పొరలన్నీ ఒకటైపోతాయి, అది తెలియక ఒక ముగ్గు చుక్కలతోనే ఉండిపోయింది. చెల్లికి అదే పంపాను. చుక్కలుంటేనే నేర్చుకోవడానికి బావుంది అన్నయ్యా, మిగతావి కూడా ఇలాగే పంపు అంది. ఇప్పటికి నలభై రెండు ముగ్గులకి మళ్లీ చుక్కలు పెట్టాలి.