డావిన్సీ థ్రిల్లర్లు: ఏ కాపీ కొనాలి, ఎంతవరకు నమ్మాలి

విశాఖ ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో, ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో డాన్ బ్రౌన్ నవలలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో మూడింటి గురించి ఈ రివ్యూ: ఏంజెల్స్ అండ్ డీమన్స్ (2000), ద డావిన్సీ కోడ్ (2003), ఇన్ఫెర్నో (2013). మూడింటికీ కలిపి తీర్పు ఒకటే. బొమ్మలు నిజం, రహస్యం కల్పన. డబ్బు పెట్టేది బొమ్మల కోసమే కాబట్టి, కథ కంటే ముందు ప్రింటు చూసి కొనాలి.

మామూలు డిటెక్టివ్ నవలలో ఆధారం రచయిత జేబులో ఉంటుంది. ఆయన తీసి చూపిస్తేనే మనకు తెలుస్తుంది. ఇక్కడ ఆధారం ముందే అందరి కళ్ళ ముందూ ఉంటుంది. విశాఖలో క్రైస్తవుల ఇళ్ళలో లియొనార్డో డావిన్సీ గీసిన కడరా భోజనం (యేసు శిష్యులతో చేసిన చివరి భోజనం) పటం కొత్తేమీ కాదు. ఏళ్ళ తరబడి గోడ మీద ఉన్న ఆ పటంలోనే ఏదో దాగి ఉందని ఎవరైనా అంటే, లేచి వెళ్ళి చూడకుండా ఉండలేం. పైగా ఏడాదంతా చందనం కింద ఉండే సింహాద్రి అప్పన్న నిజరూపం అక్షయ తృతీయ నాడు మాత్రమే చూసే ఊరు మనది. పైకి కనిపించే రూపం వెనక ఇంకో రూపం ఉంటుందన్న ఊహ మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండో కిటుకు అధ్యాయాల కోతలో ఉంది. డావిన్సీ కోడ్‌లో 105 అధ్యాయాలు, ఏంజెల్స్‌లో 137. చాలావరకు మూడు నాలుగు పేజీలకు మించవు. ఒక అధ్యాయంలో పెట్టె మూత తీస్తారు, లోపల ఏముందో చెప్పకుండా ఇంకో చోటికి, ఇంకో పాత్ర దగ్గరికి తీసుకుపోతారు. వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళకి ఈ 'సశేషం' విద్య పాతదే. తేడా ఏమిటంటే వారం ఆగక్కర్లేదు, పేజీ తిప్పితే చాలు. అందుకే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మొదలుపెట్టినవాళ్ళు తెల్లారేదాకా లైటు ఆర్పరు, పై బెర్తువాళ్ళు ఎంత విసుక్కున్నా.

ఇక కాపీల సంగతి. ఫుట్‌పాత్ మీద చవగ్గా వచ్చేవాటిలో దొంగ ప్రింట్లు కలిసి ఉంటాయి. ఏంజెల్స్ చేతికి రాగానే యాంబిగ్రామ్ ఉన్న పేజీ తీసి పుస్తకాన్ని తలకిందులు చేయండి. జాన్ లాంగ్డన్ గీసిన ఆ అక్షరాలు అటు చూసినా ఇటు చూసినా ఒకేలా చదవబడాలి. అసలు ప్రతిలో సన్నగీతలు కూడా తేటగా ఉంటాయి. స్కాన్ చేసి అచ్చేసినదాంట్లో సిరా అలుక్కుపోయి ముద్దగా కనిపిస్తుంది, తలకిందులు చేస్తే చదవలేం. ఆ నవలకు అదే గుండెకాయ కాబట్టి అలాంటి కాపీ వద్దు. తర్వాత పుస్తకం మధ్యలో తెరిచి వెన్ను దగ్గర జిగురు చూడండి. ఆరు వందల పేజీల పేపర్‌బ్యాక్‌లో జిగురు ఎండి పగిలితే ముందు మధ్య పేజీలే ఊడతాయి.

డావిన్సీ కోడ్ కొనేటట్టయితే బొమ్మలతో వచ్చిన 2004 ఇలస్ట్రేటెడ్ ఎడిషన్ కోసం వెతకండి. పెద్దది, బరువు, రైల్లో పడుకుని చదవడానికి పనికిరాదు. అయినా అదే కొనాలి. మామూలు పేపర్‌బ్యాక్‌తో చదివితే ప్రతి పది పేజీలకీ ఫోన్ తీయాల్సి వస్తుంది, ఫోన్ తీశాక మళ్ళీ పుస్తకంలోకి ఎవరూ రారు.

ఇప్పుడు అసలు బొమ్మ, అదే కడరా భోజనం. మిలాన్‌లో సాంటా మరియా దెల్లె గ్రాట్సియే మఠం భోజనశాల గోడ మీద 1495–98 మధ్య గీసింది. ఎత్తు 4.6 మీటర్లు, వెడల్పు 8.8 మీటర్లు. నవల వాదనంతా యేసుకు కుడివైపు కూర్చున్న గడ్డం లేని మనిషి మీద నడుస్తుంది. అది శిష్యుడు యోహాను కాదు, యేసును పెళ్ళాడిన మగ్దలేనే మరియ అంటుంది నవల. ఈ వాదనకు మొదటి దెబ్బ గోడే కొడుతుంది. మామూలు ఫ్రెస్కో అయితే తడి సున్నం ఆరేలోపు రంగు వేసెయ్యాలి, అప్పుడే అది గోడలో కలిసిపోతుంది. లియొనార్డోకి ఆ తొందర గిట్టదు. దిద్దుకుంటూ తీరిగ్గా వేసుకోవడానికి పొడి గోడ మీద గీశాడు. రంగు గోడను పట్టుకోలేదు, చెమ్మకు కొన్నేళ్ళలోనే పెచ్చులూడడం మొదలైంది. 1652లో గోడకు తలుపు పెట్టడానికి కోస్తే యేసు పాదాలు పోయాయి. 1943లో బాంబులు పడి ఆ గది దాదాపు కూలింది, ఇసుక బస్తాలు అడ్డుపెట్టడంతో ఈ గోడ నిలిచింది. 1978 నుంచి 1999 దాకా సాగిన మరమ్మతులో పాత పూతలు తీసేశాక అసలు రంగు మిగిలింది కొంచెమే. అలాంటి ముఖం చూసి ఆడా మగా తేల్చడం సాహసమే.

రెండోది లెక్క. బల్ల దగ్గర శిష్యులు పన్నెండుమంది, ముగ్గురేసి నాలుగు గుంపులు. అందులో ఒకరు మరియ అయితే యోహాను ఏమయ్యాడు? నవల ఈ ప్రశ్న దగ్గర ఆగదు. ఆ కాలపు ఫ్లోరెన్స్ చిత్రకారులు యోహానును గడ్డం లేని లేత యువకుడిగానే గీసేవారు. ఇక యూదా వెనక కనిపించే కత్తి, నవల అన్నట్టు ఎవరిదో తెలియని చేతిలో లేదు, పేతురు చేతిలోనే ఉంది. తర్వాత గెత్సేమనేలో ఆయన కత్తి దూసి ప్రధాన యాజకుడి దాసుడి చెవి నరికే ఘట్టానికి అది సూచన. బల్ల మీద యేసు తాగిన ద్రాక్షరసపు గిన్నె లేదేమిటన్న నవల ప్రశ్నకు జవాబు కూడా సులువు: అందరి ముందూ గాజు గ్లాసులున్నాయి. చిత్రకారుడు పట్టుకున్నది 'మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు' అన్న మాట పడిన క్షణం.

నవల ముందు 'ఫ్యాక్ట్' అని ఒక పేజీ ఉంటుంది. అసలు చిక్కంతా దాంతోనే, దాన్ని కూడా కథలో భాగంగానే చదవండి. కథలో రహస్యాన్ని కాపాడే ప్రయరీ ఆఫ్ సయన్ అనే సంఘం 1099లో పుట్టిందని అందులో ఉంది. వాస్తవానికి పియర్ ప్లాంటార్ అనే ఫ్రెంచి ఆయన 1956లో రిజిస్టర్ చేయించిన సంఘం అది. లియొనార్డో, న్యూటన్ పేర్లున్న ఆ సంఘం పెద్దల జాబితా 1960ల్లో పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేరిన నకిలీ కాగితాల్లోది. 325 నాటి నైసియా సభ (క్రైస్తవ మత పెద్దల సమావేశం) సువార్తలను ఏరి పారేసిందన్నదీ నిలవదు. అక్కడి గొడవ యేసు తండ్రితో సమానం కాదన్న ఏరియస్ బోధ మీద, ఈస్టర్ తేదీ మీద. కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా 367లో అథనేషియస్ అనే బిషప్ రాసిన లేఖలో కనిపిస్తుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ముందున్న పిరమిడ్‌లో 666 అద్దాలన్నదీ తప్పే, 673 ఉన్నాయి.

ఏంజెల్స్‌లో శిల్పి బెర్నినీని ఇల్యుమినాటి అనే రహస్య సంఘం మనిషిగా చూపిస్తారు, కాలం అసలు కుదరదు. బెర్నినీ 1680లో చనిపోయాడు, ఇల్యుమినాటి బవేరియాలో మొదలైంది 1776లో.  కానీ రోమ్‌లో కథ నడిచే దారి మాత్రం పక్కా. కీజీ చాపెల్, సెయింట్ పీటర్స్ చౌకు, సాంటా మరియా దెల్లా విత్తోరియాలోని తెరెసా శిల్పం, పియాత్సా నవోనా ఫౌంటెన్: అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, మ్యాప్ పక్కన పెట్టుకుని చదవచ్చు.

ఇన్ఫెర్నో థ్రిల్లర్‌గా మూడింటిలో నీరసమైనది, పరుగు ఎక్కువ, బిగి తక్కువ. అయినా బొమ్మల పరంగా నిజాయితీ దీనిదే. ఫ్లోరెన్స్‌లోని పలాత్సో వెక్యో భవనంలో చిత్రకారుడు వసారి వేసిన యుద్ధచిత్రంలో పచ్చజెండా మీద 'చెర్కా త్రోవా', అంటే వెతికితే దొరుకుతుంది, అన్న మాటలు నిజంగానే ఉన్నాయి. దాని వెనక కనబడకుండా పోయిన లియొనార్డో చిత్రం ఉందేమోనని గోడకు చిన్న రంధ్రాలు కూడా వేశారు. 2012లో ఆ పని ఆగింది. ఇది లైబ్రరీలో దొరికితే చాలు, కొనక్కర్లేదు.

డావిన్సీ కోడ్ సినిమాను 2006 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపితే, హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నొచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉంటారు, కాబట్టి ఎవరికైనా బహుమతిగా ఇచ్చే ముందు ఒకమాట అడగండి.

ఇలస్ట్రేటెడ్ ఎడిషన్ కొన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. దాని నున్నని కాగితం మన సముద్రపు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుంటుంది, లాగితే బొమ్మ చిరుగుతుంది. బీచ్ వైపు ఇళ్ళలో గోడకు ఆనించకుండా, వెనక బెత్తెడు ఖాళీ వదిలి, నిలబెట్టి పెట్టండి. వానాకాలంలో వారానికోసారి ఫ్యాన్ కింద పేజీలు విప్పండి.