జ్వరం తగ్గాక చారన్నమా, గుడ్డూ పప్పూనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు ఇళ్లలో ఫ్లూ జ్వరానికి రెండు దారులు. ఒకటి పథ్యం: చారన్నం, బ్రెడ్డు, అంతే. రెండోది పప్పు, గుడ్డు, చోడి (రాగి) అంబలి.

జ్వరం కాస్తున్న మొదటి రోజుల్లో పథ్యానిదే పైచేయి. ఆకలి ఉండదు కదా. వేడి చారు గొంతుకు హాయి, ఒంటికి నీళ్లూ ఉప్పూ అందుతాయి. జ్వరం పోయాక కూడా దాన్నే సాగదీస్తేనే చిక్కు. జ్వరంలో శరీరం కండను కరిగించి వాడుకుంటుంది. తిరిగి కట్టడానికి మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో అవి సుమారు 6 గ్రాములు. చారులో ఏపాటి? గుడ్డు వేడి చేస్తుందన్న పెద్దల మాట ఇక్కడ మాత్రం నేను వినను. అంబలి ఇరుపక్షాలకూ ఒప్పుదలే: తేలిగ్గా దిగుతుంది, కాల్షియం దండి. కానీ గుడ్డుకు బదులు కాదు.

మర్నాడే పొలం పనికా, ఇంకొన్నాళ్లు విశ్రాంతా? విశ్రాంతే. దగ్గు రెండు వారాలు దాటినా వింత లేదు; అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని) తాగే అవ్వలకైతే ఇంకా లాగుతుంది, చుట్ట మానమంటే మనకే తిట్లు! ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం తిరగబెట్టినా తిండి సంగతి పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.