ఐదేళ్లు తక్కువ సల్ఫర్ ఆయిల్ వాడాక

నేను బల్క్ క్యారియర్లలో, అంటే బొగ్గు, ధాన్యం లాంటి సరుకు విడిగా నింపుకుని వెళ్లే ఓడల్లో, సెకండ్ ఇంజనీర్‌ని. ఓడలు కాల్చే ఆయిల్‌లో సల్ఫర్ 0.50 శాతం దాటకూడదన్న ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నిబంధన 2020 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 3.50 శాతం వరకు ఉండొచ్చు. పొగలోని సల్ఫర్‌ని కడిగేసే స్క్రబ్బర్ మా ఓడలో లేదు కాబట్టి మేమూ వీఎల్‌ఎస్‌ఎఫ్‌ఓకి, అంటే ఆ తక్కువ సల్ఫర్ ఆయిల్‌కి, మారాం. అప్పటి నుంచి ప్రతి కాంట్రాక్టులో, తీసుకున్న ప్రతి బంకర్ (ఓడలోకి నింపుకునే ఆయిల్) గురించీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

ఆయిల్ మంచిదే. కానీ ఇది ఒక ఆయిల్ కాదు, పేరు మాత్రమే ఒకటి. పాత 380 రకం హెవీ ఆయిల్ ఏ పోర్టులో తీసుకున్నా ఇంచుమించు ఒకేలా ఉండేది. ఇప్పుడు ఒక బంకర్ డీజిల్‌లా పల్చగా వస్తే ఇంకోటి చిక్కగా వస్తుంది. కాగితం మీద మాత్రం రెండింటి సల్ఫరూ 0.50 లోపే.

అది మొదటి ఏడాదే తెలిసొచ్చింది. ముందటి బంకర్ కొంత మిగిలిన ట్యాంకులోకే కొత్త బంకర్ తీసుకున్నాం. విడివిడిగా రెండింటి ల్యాబ్ రిపోర్టులూ బాగానే ఉన్నాయి. మూడో రోజు రాత్రి, ఆయిల్‌ని గిర్రున తిప్పి శుభ్రం చేసే ప్యూరిఫైయర్ విప్పితే దాని బౌల్ నిండా నల్లటి మడ్డి, వేలితో తీస్తే జీడిలా సాగుతోంది. పొద్దున కడిగితే సాయంత్రానికి మళ్లీ అంతే. ఆటో ఫిల్టర్ ఆగకుండా తనను తాను కడుక్కుంటోంది (బ్యాక్‌ఫ్లష్). ఫోర్త్ ఇంజనీరూ, ఫిట్టరూ, నేనూ వంతులేసుకుని కడిగాం. నడి సముద్రంలో మెయిన్ ఇంజిన్ ఎక్కడ ఆగిపోతుందోనని ఒకటే టెన్షన్. ఒక ఆయిల్‌లో కలిసి ఉన్న అస్ఫాల్టీన్లు (తారు లాంటి బరువైన పదార్థాలు), పారఫిన్ (మైనం లాంటి పదార్థం) ఎక్కువున్న ఇంకో ఆయిల్ తగలగానే విడిపోయి మడ్డిగా దిగిపోతాయి. విడివిడి రిపోర్టుల్లో ఇది కనపడదు.

ఇప్పుడు వీలైనంతవరకు కలపం. తప్పదంటే ముందు స్పాట్ టెస్ట్ చేస్తాం. రెండు శాంపిళ్లూ కలిపి వేడి చేసి, ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క వేసి ఓవెన్‌లో ఆరబెడతాం. మచ్చ అంతా ఒకే రంగులో ఉంటే ధైర్యం. మధ్యలో ముదురు వలయం తేలిందంటే కలపకూడదు.

ఇంజిన్ సిలిండర్లలో పోసే కందెన, సిలిండర్ ఆయిల్ కూడా మార్చాల్సి వచ్చింది. సల్ఫర్ తగ్గితే యాసిడ్ తగ్గుతుంది. బీఎన్ అంటే యాసిడ్‌ని విరిచే క్షారం ఎంతుందో చెప్పే అంకె. పాత బీఎన్ 100 ఆయిలే పోస్తూ ఉంటే అందులో మిగిలిపోయే క్షారం పిస్టన్ మీద గట్టిగా పేరుకుంటుంది. మేం బీఎన్ 40కి మారి, సిలిండర్ గాలి రంధ్రాల్లోంచి (స్కావెంజ్ పోర్టులు) పిస్టన్ రింగులు చూస్తూ ఆయిల్ ఎంత పోయాలో (ఫీడ్ రేటు) సరిచేసుకున్నాం. చలి సముద్రాల్లో మైనం కట్టే బంకర్లున్నాయి, కాబట్టి ట్యాంకు వేడిని పోర్ పాయింట్ (దానికంటే చల్లబడితే ఆయిల్ పారదు) కంటే కనీసం 10 డిగ్రీలు పైన ఉంచాలి.

సల్ఫర్ 0.10 శాతం దాటకూడదన్న సముద్ర ప్రాంతాల్లోకి వెళ్లేముందు గ్యాస్ ఆయిల్‌కి (డీజిల్ లాంటి పల్చటి ఆయిల్) మారడం ఇప్పటికీ నాకు భయమే. 2025 మే 1 నుంచి మధ్యధరా సముద్రం కూడా ఆ జాబితాలో చేరింది. వేడి ఆయిల్ నుంచి చల్లటి పల్చటి ఆయిల్‌కి నిమిషానికి 2 డిగ్రీల కంటే వేగంగా దిగితే ఫ్యూయల్ పంప్‌లో ఆయిల్‌ని నెట్టే ప్లంజర్లు బిగుసుకుపోవచ్చు. అదీ ఓడలు కిక్కిరిసిన ఇంగ్లీష్ ఛానల్ ముందు! తొందరపెట్టినా నేను వినను.

ఇంత పడ్డా పాతదానికి వెనక్కి వెళ్లమంటే వెళ్లను. వెనుక గాలి వీచినప్పుడు డెక్ మీద గొంతు మండించే ఆ పొగ ఇప్పుడు లేదు. పోర్టుల పక్కన బతికేవాళ్లూ అదే గాలి పీల్చేవారు కదా.

ఒడ్డున కూర్చుని బంకర్లు కొనేవాళ్లకు ఒక్క విన్నపం. ఆర్డర్ ఇచ్చేముందు డెన్సిటీ, విస్కాసిటీ (చిక్కదనం), పోర్ పాయింట్ మాకు పంపండి. ఒక ట్యాంకు ఖాళీ అయ్యేలా ప్లాన్ చేసుకోనివ్వండి.